రివర్స్ కొట్టిన పడవ ఇంజన్ గారికి

మహారాజశ్రీ పాత పడవ ఇంజన్ గారికి,

ఇక్కడ నేను క్షేమం. కుడిచేతి చూపుడువేలు మాత్రం క్షేమం కాదు. ఎడమచేత్తో టైప్ చేస్తున్నా, తప్పులుంటే మన్నించగలరు.

నెలన్నర కిందట ఒక ఆదివారం పులికాట్ సరస్సు ఒడ్డున భీములవారిపాలెం రేవులో తమరు చేసిన మర్యాద గురించే ఈ ఉత్తరం. చెల్లెలి అత్తగారివాళ్ళు తిరుపతి నుంచి ఫ్లెమింగోలు చూద్దామని వచ్చారు. "మాకు ఇంజన్ పడవ ఉంది, ఇరకం దీవి దాకా తిప్పుతా" అని కోతలు కోసింది నేనే. ఒడ్డున ఒక్క తాడుకే మోగారు. మధ్యలోకి వెళ్ళాక ఆగి, ఇక మోగలేదు. చెల్లెలి మామగారు ప్రతి లాగుడూ పైకే లెక్కపెట్టారు. నలభై ఒకటి అనేసరికి తమరు తాడును వెనక్కి లాక్కున్నారు, నా వేలుతో సహా. పులికాట్ లోతు తక్కువ కాబట్టి ఆయన పంచె ఎగ్గట్టి దిగి తోశారు. వియ్యంకుడి చేత పడవ తోయించిన ఘనత మా వంశంలో ఇదే మొదలు.

తమరి పొగకు దోమలు చస్తాయి, అది పుణ్యమే. మూత మీద 8 హెచ్‌పి అని రాసుకున్నారు, ఆ ఎనిమిది గుర్రాలు ఎక్కడ మేస్తున్నాయో అడగను. 27 కిలోల తమరిని బస్సెక్కిస్తే లగేజీ టికెట్ కొట్టారు, అదీ పోనీ.

కానీ ఆ స్పార్క్ సంగతి వదలను. నెలన్నరగా ఎంతమందికి చూపించానో! ప్రతివాడూ ప్లగ్గు విప్పి, బాడీకి ఆనించి, తాడు లాగి, "స్పార్క్ బ్రహ్మాండం సార్" అన్నాడు. నిజమే, నీలంగా టపటపమనేది. కొత్త ప్లగ్గు వేశాం. కండెన్సర్ మార్చాం. కాయిల్ మార్చాం. పెట్రోలు పారబోసి, యాభైకి ఒకటి చొప్పున ఆయిల్ కలిపి కొత్తది పోశాం. పెట్రోలుంది, కంప్రెషనుంది, స్పార్కుంది. ఇంకేం కావాలి నీకు, హారతా? అవును, ఇక మీరు, తమరు అనడం నా వల్ల కాదు.

చివరికి రేణిగుంట రోడ్డులో ఒక ముసలి మెకానిక్ నిన్ను చూసి, "స్పార్క్ ఉండాది సామీ, టైములో లేదు" అన్నాడు. పుల్లర్ పెట్టి పైన చక్రం ఊడదీశాడు. కింద షాఫ్టు గాడిలో గోరంత ఉక్కుముక్క, అర్ధచంద్రం ఆకారంలో. మాగ్నెట్ కీ, అంటే చక్రం షాఫ్టు మీద జారకుండా పట్టి ఉంచే ముక్క. దాన్ని పేపరు మీద పెట్టి చూపించాడు. మధ్యలో సన్నటి మెట్టు పడింది, మిల్లీమీటరు ఉంటుందేమో. పైసగం ఒక పక్కకి, కిందిసగం ఇంకో పక్కకి.

ఆ మిల్లీమీటరుకి టైమింగ్ ఐదారు డిగ్రీలు పోతుందట. నీకు పాయింట్లు (తెరుచుకున్నప్పుడు స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్చు) ఉన్నాయి, వాటిని తెరిచే ఉబ్బు, క్యామ్, ఆ చక్రం బొడ్డుకే ఉంది. చక్రం ముందుకు జరిగితే స్పార్కూ ముందే వస్తుంది. పిస్టన్ పైకి చేరడానికి కాస్త ముందు రావాల్సింది మరీ ముందొస్తే, పైకొస్తున్న పిస్టన్ని కిందికి తన్నుతుంది. తిరుమల దర్శనం టోకెన్‌లో వేసిన టైముకి రెండు గంటల ముందే వెళ్ళి క్యూలో దూరబోయే భక్తుడి సంగతే. వెనక్కి తోసెయ్యరా మరి! ఊళ్ళో పెళ్ళి నుంచి పునాదిరాయి దాకా అన్నింటికీ ముహూర్తం చూస్తాం. నీకు మాత్రం నెలన్నరపాటు ఒక్కడూ చూడలేదు.

కొత్త కీ వేసి, పాయింట్లకు అర మిల్లీమీటరు గ్యాప్ పెట్టి, నట్టు బిగించి, రోడ్డు పక్కన నీళ్ళ డ్రమ్ములో దింపాడు. రెండో తాడుకే అందుకున్నావు. టీ కొట్టు దగ్గరున్న వాళ్ళంతా వచ్చి చూశారు. డ్రమ్ములో నీళ్ళు సుళ్ళు తిరుగుతుంటే, సిగ్గులేకుండా నవ్వాను.

అప్పుడే ఆయన చేతులు తుడుచుకుంటూ అడిగాడు: "ఈ నట్టు లూజుగా ఉండె. అందుకే చక్రం జారి కీని కోసేసింది. ఇంతకుముందు ఎవురు ఇప్పినారు సామీ?"

దసరా సెలవుల్లో పాయింట్లు నల్లబడ్డాయని చక్రం విప్పి, సాండ్‌పేపర్‌తో రుద్ది, నట్టును నా చేతి అంచనాకి బిగించింది ఎవరో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

"పాత ఓనరు అయ్యుంటాడు" అన్నాను.

పన్నెండేళ్ళుగా నువ్వు మా ఇంట్లోనే ఉన్నావని ఆయన ముందు మాత్రం అనకు.

ఇట్లు,
వేలికట్టు యజమాని