పులిహోర వద్దన్నందుకు

మన సంఘం ఉగాది సంబరాల రోజు భోజనాల వరుసలో పులిహోర వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. అంతే. వడ్డిస్తున్న పెద్దావిడ, "బిడ్డకు అన్నప్రాశన కూడా అయిపోయింది, ఇంకా ఆ గ్యాస్ మాత్రలేనా తల్లీ? పాలిచ్చేదానివి, ఇవాళే అవతల పారేయి" అన్నారు. పక్క వరుసలోవాళ్లు కూడా తిరిగి చూశారు. నా మాత్రల సంగతి ఆవిడకెలా తెలుసంటారా? మన వంట కమిటీ వాట్సాప్ గ్రూపులో ఉన్నవారెవరూ ఆ ప్రశ్న అడగరు.

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు, అదే నా బాధ. గర్భంతో ఉన్నప్పుడు ప్రొజెస్టెరాన్ అనే హార్మోను వల్ల అన్నవాహిక కింది చివర ఉండే కండరం వదులవుతుంది, పెరిగే గర్భసంచి కడుపును కింది నుంచి నెడుతుంది. దాంతో ఆమ్లం పైకి ఎగదన్ని గుండెల్లో మంట. ఆరో నెల నుంచి నేను మూడు దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయాను. కాన్పయ్యాక ఆ రెండు కారణాలూ పోతాయి, చాలామందికి మంటా పోతుంది. నాకు మంట పోయింది, దానికని వేసుకున్న ఒమెప్రజోల్ అనే ఆమ్లం తగ్గించే మాత్ర పోలేదు. నెల తిరగగానే మందుల దుకాణం నుంచి సందేశం వచ్చేది, వెళ్లి తెచ్చుకునేదాన్ని. ఆరు వారాల పరీక్షలో కుట్ల గురించి, నిద్ర గురించి అడిగారు. దీని గురించి వాళ్లూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

పురుడు పోయడానికి వచ్చిన అమ్మ సంగతి వేరు. పెట్టె నిండా కాయం, శొంఠిపొడి, వెల్లుల్లి కారం. నా మాత్రలకు ఆ పథ్యమే కారణమని అందరితో చెప్పుకున్నాను. కానీ తెల్లవారకముందే లేచి వేడన్నంలో శొంఠిపొడి, నెయ్యి కలిపి, బిడ్డ నా ఒళ్లో ఉందని తనే ముద్దలు పెడుతుంటే వద్దనలేకపోయాను. పళ్లెం పక్కన మంచినీళ్లు, ఆ పక్కన మాత్ర. అమ్మకు అది మందు కాదు, కాఫీలాంటిది. ఊళ్లో మా భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా పక్కనే పాంటొప్రజోల్, అలాంటి మాత్రే, ఉంటుంది. జ్వరమని వెళ్లినా చీటీ చివర ఒకటి రాస్తారు. జ్వరం తగ్గుతుంది, అది మిగిలిపోతుంది.

సరే, ఉగాది రాత్రే పారేశాను. మూడో రోజు అర్ధరాత్రి రెండింటికి బిడ్డకు పాలిస్తుంటే గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్నాయి. గర్భంతో ఉన్నప్పుడు కూడా అంత మంట లేదు. కడుపులో పుండో, ఇంకేదో అనుకుని తెల్లారేదాకా ఫోనులో చదువుతూ కూర్చున్నాను. మాత్ర మళ్లీ కొన్నాను, సర్దుకుంది. ఇక జన్మంతా ఇంతే అనుకున్నాను.

ఇంటి డాక్టరు రెండు నిమిషాల్లో తేల్చేశారు. మందు కడుపులో ఆమ్లాన్ని అణచి ఉంచినన్నాళ్లూ శరీరం ఆమ్లాన్ని ఊరించే గ్యాస్ట్రిన్ అనే హార్మోనును పెంచుకుంటూ పోతుందట. మందు తీసేయగానే కట్ట తెగిన చెరువే. 2009లో అచ్చయిన డెన్మార్క్ పరిశోధనలో ఏ జబ్బూ లేని 120 మందిని తీసుకున్నారు. ఎనిమిది వారాలు ఇలాంటి మందే వాడి ఆపినవారిలో 44 శాతానికి మంట, పుల్లటి తేన్పులు వంటివి వచ్చాయి. అసలు మందు వాడనివారిలో అవి 15 శాతానికే. అంటే జబ్బు తిరగబెట్టినట్టు కాదు, కొన్ని వారాల్లో తగ్గేదే. ఒక్కసారిగా ఆపినా, మెల్లగా తగ్గించినా ఫరవాలేదని, ఈ మంట సంగతి మాత్రం ముందే చెప్పాలని అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2022లో సూచించింది. నాకు మా డాక్టరు ఒమెప్రజోల్ రోజు విడిచి రోజు వేసుకోమన్నారు, మధ్యలో మంట వస్తే ఫామోటిడిన్ అనే ఆమ్లం తగ్గించే మరో రకం మాత్ర. మూడు వారాలు కష్టపడ్డాను, తర్వాత మరిచిపోయాను.

అందరూ ఆపాలని కాదు. అన్నవాహిక బాగా దెబ్బతిన్నవారు, కడుపులో రక్తస్రావం ముప్పున్నవారు డాక్టరు మాట లేనిదే ముట్టుకోకూడదు.

మన సంఘానికి నా విన్నపం ఒక్కటే. వచ్చే వైద్య శిబిరంలో రక్తపోటు చూసే బల్ల పక్కన ఇంకొక కుర్చీ వేయండి. బాలింతలను, ఊరి నుంచి వచ్చిన అమ్మలను మందుల సంచీతో రమ్మనండి. ఏ మాత్ర ఎందుకు మొదలైంది, ఎప్పుడు ఆపాలి, ఆపితే ఏమవుతుంది అని డాక్టర్లలో ఒకరు అడిగి చెప్పాలి. రమ్మని పిలిచే పని ఆ పెద్దావిడకే అప్పగించండి, ఆవిడ మాట ఎవరూ తీసెయ్యరు. గొంతు మాత్రం కాస్త తగ్గించమనండి. ఆ పూట పులిహోర నేను వడ్డిస్తాను.