‘అమ్మమ్మలు పదిమందిని ఇంట్లోనే కన్నారు’ అనే సందేశానికి జవాబు

ఆ సందేశం ఈ నెలలో నాకు అయిదోసారి వచ్చింది. కాలనీ వాట్సాప్ గ్రూపులోనూ, పాత సహోద్యోగుల గ్రూపులోనూ వచ్చినప్పుడు చదవకుండానే తుడిపేశాను గానీ, చివరిసారి మా పిన్ని నేరుగా నాకే పంపి, ఎనిమిదో నెల గర్భిణి అయిన తన కూతురికి కూడా చదివి వినిపించానని రాయడంతో ఇక ఊరుకోలేకపోయాను. అందులోని మాటలు క్లుప్తంగా ఇవి: మన అమ్మమ్మలు పదేసి మందిని ఏ డాక్టరూ లేకుండా ఇంట్లోనే సుఖంగా కన్నారు, ఆస్పత్రులు డబ్బు కోసం నూటికి నలభై మందికి కడుపు కోస్తున్నాయి, నడుముకు ఇచ్చే సూది జన్మంతా నడుమునొప్పి తెస్తుంది, కోతతో పుట్టిన బిడ్డకు తెలివి తక్కువ, ఒకసారి కోత పడితే ఇక ఎప్పుడూ కోతే, కాబట్టి తొమ్మిదో నెలలో ఆముదం తాగి, గచ్చు కడిగి, నొప్పులు వస్తే ఇంట్లోనే కనండి.

చిన్నవాటిని ముందు వదిలించుకుందాం. ఆముదం తాగితే విరేచనాలవుతాయి. నొప్పుల సమయానికి ఒంట్లో నీరు లేకుండా పోవడం ఏ తల్లికీ మేలు కాదు. గచ్చు కడిగితే గచ్చు శుభ్రపడుతుంది, అంతకు మించి ఎవరూ హామీ ఇవ్వలేరు. కోతతో పుట్టిన బిడ్డకు తెలివి తక్కువ అన్న మాటకు జవాబు చెప్పడం కూడా దండగే. అయితే 39 వారాలు నిండకుండా, నొప్పులు మొదలవకుండా కోసి తీసిన బిడ్డలకు ఊపిరి అందక ఇబ్బంది పడే అవకాశం ఎక్కువన్నది నిజం. ఆ తొందర చాలాసార్లు డాక్టరుది కాదు, పంచాంగానిది. మంచి నక్షత్రం దాటకముందే బిడ్డను తీయమని పట్టుబట్టే కుటుంబాలే ఇలాంటి సందేశాలను కూడా పంచుకోవడం నాకు వింతగా ఉంటుంది.

కాన్పు నొప్పులు తెలియకుండా ఇచ్చే నడుము సూది (ఎపిడ్యూరల్) గురించి కాస్త ఓపిగ్గా చెప్పాలి. వేలమంది తల్లులను పోల్చి చూసిన పరిశోధనలలో, ఆ సూది తీసుకున్నవారికీ తీసుకోనివారికీ దీర్ఘకాలిక నడుమునొప్పిలో తేడా కనబడలేదు. దానివల్ల కోతలు పెరిగినట్టూ తేలలేదు. కాన్పు తరువాత నడుమునొప్పి రెండు రకాల తల్లులకూ వస్తుంది, ఎందుకంటే తొమ్మిది నెలలు మోసినది ఇద్దరూ. సూదితో రక్తపోటు తగ్గడం, కాళ్ళు మొద్దుబారడం, కాన్పు కొంత ఆలస్యమవడం వంటివి ఉన్నాయి. అవి ముందే చెప్పి, ఎంచుకునే పని ఆమెకు వదలాలి. పన్ను పీకించుకోవడానికి మత్తు సూది అడిగే మగవారెవరికీ నొప్పిలోని పవిత్రత గురించి ఎవరూ సందేశాలు పంపరు.

ఒకసారి కోత అయితే మళ్ళీ కోతే అన్నది కూడా నియమం కాదు. మొదటి కోత గర్భాశయం కింది భాగంలో అడ్డంగా పడి, ఇతర చిక్కులేవీ లేని తల్లులు ప్రయత్నిస్తే, నూటికి 60 నుంచి 80 మందికి మామూలు కాన్పే అవుతుంది. అయితే ఇన్నూరు మందిలో సుమారు ఒకరికి పాత కుట్టు విడిపోయే ప్రమాదం ఉంది కనుక, ఆ ప్రయత్నం పక్కనే ఆపరేషన్ థియేటర్ సిద్ధంగా ఉన్నచోట జరగాలి గాని పెరటి గదిలో కాదు.

ఇక అసలు విషం మొదటి వాక్యంలోనూ చివరి వాక్యంలోనూ ఉంది. అమ్మమ్మలు సుఖంగా కన్నారట! ఆ మాట ఏ అమ్మమ్మ చెప్పింది? నాకు తెలిసిన అమ్మమ్మలందరూ కాన్పును ‘ఆడదానికి పునర్జన్మ’ అనే అన్నారు. మొదలుపెట్టగానే చెడిపోయిన పనిని ‘పురిట్లోనే సంధి కొట్టింది’ అని నేటికీ అంటున్నాం. ఆ సంధి ఏమిటో, అది ఎన్ని పురిటి గదులలో చూస్తే సామెతగా మారి ఉంటుందో ఈ సందేశం రాసినవారు ఒక్క క్షణం ఆలోచించలేదు. గుర్రపువాతం అన్న పేరు ఏ వైద్య కళాశాలలోనూ పుట్టలేదు. ఫిట్స్‌తో కొట్టుకుంటున్న గర్భిణిని చూసి పల్లెలు పెట్టుకున్న పేరది. పదిమందిని కన్న అమ్మమ్మ మనకు కనబడుతుంది, ఎందుకంటే ఆమె బతికింది. మూడో కాన్పులో పోయిన అమ్మమ్మ స్థానంలో తాతగారి రెండో పెళ్ళి కనబడుతుంది. మా ఇంట్లోనే మా నాన్న మేనత్త పేరు శ్రాద్ధం నాడు తప్ప ఎవరూ ఎత్తరు. పుట్టింటికి పురిటికి వచ్చి తిరిగి వెళ్ళలేదామె.

కాన్పులో తల్లిని ఎక్కువగా బలిగొనేది నొప్పి కాదు, బిడ్డ బయటికి వచ్చిన తరువాత కారే రక్తం. నెలలు నిండిన గర్భాశయానికి నిమిషానికి అర లీటరుకు తగ్గకుండా రక్తం ప్రవహిస్తూ ఉంటుంది. మాయ పడిన తరువాత ఆ కండరం గట్టిగా బిగుసుకోకపోతే ఆ ధార ఆగదు. ఏ ప్రమాద సూచనా లేని తల్లికి కూడా ఇది జరగవచ్చు కనుకనే, బిడ్డ పుట్టగానే ప్రతి తల్లికీ ఆ కండరాన్ని బిగించే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తారు. మన రెండు రాష్ట్రాలలోనూ గర్భిణులలో సగం మందికి పైగా రక్తహీనతతో, అంటే హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువతో ఉన్నారు. ఒంట్లో రక్తం నిండుగా ఉన్న తల్లి తట్టుకోగల రక్తస్రావాన్ని వీరు తట్టుకోలేరు. 2018లో తమిళనాడులోని తిరుప్పూరులో చదువుకున్న ఒక దంపతులు వీడియోలు చూస్తూ ఇంట్లోనే కాన్పుకు సిద్ధపడ్డారు; బిడ్డ బతికింది, తల్లి రక్తస్రావంతో మరణించింది. 2025 ఏప్రిల్‌లో కేరళలోని మలప్పురంలో ఇంటి కాన్పు తరువాత మరొక తల్లి చనిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001–03లో లక్ష సజీవ జననాలకు 195 మంది తల్లులు మరణించగా, 2018–20 నాటికి ఆ సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 45కు, తెలంగాణలో 43కు తగ్గింది. ఈ తగ్గుదల ఆముదం వల్ల వచ్చింది కాదు.

నెదర్లాండ్స్‌లో ఇళ్ళలోనే కంటున్నారు కదా అని పిన్ని అడిగింది. కంటున్నారు, అయితే ప్రమాదమున్న గర్భిణులను ముందే వేరు చేసి, సంవత్సరాలు చదువుకున్న మంత్రసాని మందుల సంచితో వచ్చి కూర్చుంటే, తేడా రాగానే అంబులెన్సు నిమిషాలలో ఆస్పత్రికి చేర్చే ఏర్పాటు మధ్య కంటున్నారు. మన వీధిలో అంబులెన్సు మలుపు తిరగాలంటే ముందు ఎవరి కారు అడ్డంగా పెట్టారో వెతకాలి.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. నూటికి నలభై అన్న లెక్క తప్పు; మన రెండు రాష్ట్రాలలో నిజం అంతకన్నా అధ్వాన్నం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే, దేశంలో అదే అత్యధికం. ప్రైవేటు ఆస్పత్రులలో 81.5, ప్రభుత్వ ఆస్పత్రులలో 44.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. జనాభా మొత్తంలో ఈ వాటా నూటికి పది దాటిన తరువాత మరణాలు ఇంకా తగ్గినట్టు కనబడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అవసరమైన ప్రతి స్త్రీకీ అది అందాలని కూడా అక్కడే చెప్పింది, సందేశం ఆ సగాన్ని మింగేసింది. పక్కపక్క రాష్ట్రాల స్త్రీల కటి ఎముకలు ఇంత తేడాగా ఉండవు కనుక, ఈ అంకెలకు కారణం దేహంలో లేదన్న మేరకు సందేశంతో నాకు పేచీ లేదు.

మా చెల్లెలి కాన్పు నాడు రాత్రి పదకొండున్నరకు నర్సు ఒక కాగితం తెచ్చి మా మరిది చేతిలో పెట్టి, ‘పేగు మెడకు చుట్టుకుంది, సంతకం చేయండి’ అంది. నూటికి ఇరవై ముప్పై మంది బిడ్డలకు పేగు మెడకు చుట్టుకునే ఉంటుందని, ఎక్కువమందికి దానివల్ల హాని కలగదని, బిడ్డ గుండె కొట్టుకోవడంలో తేడా వచ్చిందా అని అడగాలని నాకు అప్పుడు తెలియదు. పెట్టెయ్యమని మరిదికి చెప్పినదాన్ని నేనే. లోపల బల్ల మీద వెల్లకిలా ఒంటరిగా పడుకున్న మా చెల్లెల్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆ కోత అవసరమో కాదో నేటికీ మాకు తెలియదు. నొప్పుల వేళ తనకు నచ్చిన మనిషి పక్కన ఉండాలని, గర్భాశయ ముఖం గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోలేదన్న ఒక్క కారణంతో తొందరపెట్టకూడదని, బిడ్డ వచ్చే దారి వెడల్పు చేయడానికని ప్రతి తల్లికీ అలవాటుగా కింద కోత పెట్టకూడదని 2018 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసులు చెబుతున్నాయి. వీటిలో ఒక్కటైనా అడగమని ఆ సందేశం చెప్పి ఉంటే నేనే పదిమందికి పంపేదాన్ని. మంత్రసానులు కావాలంటారా, 2017లో తెలంగాణ నర్సులకు పద్దెనిమిది నెలల మంత్రసాని శిక్షణ మొదలైంది. మీ ఊరి ప్రభుత్వ ఆస్పత్రిలో అలాంటివారు ఉన్నారా అని విచారించండి, ఉన్నారని తెలిస్తే ఆ సంగతి పంచండి.

ఇదంతా పిన్నికి పంపలేదు. ‘చెల్లికి హిమోగ్లోబిన్ ఎంత ఉంది?’ అని ఒక్క వాక్యం పంపాను. అరగంట తరువాత పరీక్ష కాగితం ఫోటో వచ్చింది: 8.6. దాని కింద, ‘ఇది తక్కువా, అమ్మా?’ అని అడిగింది.