‘రెయిజ్’కు ఆరు పర్యాయపదాలు, ఏదైనా ఒకటేనట!

శ్రీకాకుళం, టెక్కలి, పలాస వైపు ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లల ఫోన్లలో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. ‘రెయిజ్’ అనే ఇంగ్లీషు క్రియ గురించి అది. అందులో ఉన్న మాటలివి. ‘రెయిజ్’ అంటే ఎత్తడం. లిఫ్ట్, ఇంక్రీజ్, కలెక్ట్, గ్రో, ఆస్క్, ఎలివేట్ అనే ఆరూ దాని పర్యాయపదాలు, ఏది ఎక్కడ వేసినా మార్కు ఖాయం. ‘రైజ్’కూ ‘రెయిజ్’కూ తేడా తెలుగు మాధ్యమంలో చదివినవారికి పట్టుబడదు, మన భాషలో అలాంటిది లేదు కాబట్టి. పిల్లల పెంపకానికి ‘రెయిజ్’ వాడకూడదు, అది పశువులకే. చివరగా, ‘ఎలివేట్’ లాంటి బరువైన మాట రాస్తే మార్కులు పెరుగుతాయి.

ఇంగ్లీషు పాఠం చెప్పి బతికేవాడిని. ఇది చూసి ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఒక్కొక్కటే తీసుకుంటాను.

ముందు ఆ ఆరు పర్యాయపదాల సంగతి. ఆ ఆరూ నిఘంటువులో ఉన్నవే, కానీ ఒక్కొక్కటి ఒక్కో అర్థం పక్కన ఉంటుంది. ఆ అర్థాల గోడలు తీసేసి అన్నింటినీ ఒకే వరుసలో పెట్టడమే ఇక్కడ జరిగిన నష్టం. క్రియకు పర్యాయపదం వెతికే ముందు దాని పక్కనున్న నామవాచకం చూడాలి. ఎత్తింది చెయ్యా, ధరా, డబ్బా, ప్రశ్నా? దాన్నిబట్టే మాట మారుతుంది.

వంశధారకు వరద వచ్చినప్పుడు గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తుతారు. ఇక్కడ ‘రెయిజ్’ అన్నా ‘లిఫ్ట్’ అన్నా సరిపోతుంది, పేచీ లేదు. ధరలు, జీతాలు, పన్నుల దగ్గర ‘ఇంక్రీజ్’ చక్కగా అతుకుతుంది. అసలు చిక్కు డబ్బు దగ్గర మొదలవుతుంది. బ్యాంకు నుంచి అప్పు తెచ్చుకోవడాన్ని ఇంగ్లీషులో ‘రెయిజ్’ చేయడం అంటారు. అదే అప్పుకు ‘కలెక్ట్’ తగిలించండి, అర్థం తిరగబడుతుంది: బ్యాంకువాళ్లు బాకీ వసూలు చేసుకోవడానికి వచ్చారని. అప్పు తెచ్చుకున్న మనిషి కాస్తా వసూలుకు వచ్చిన మనిషి అయిపోతాడు. గుడి కోసం, బడి కోసం చందాలు పోగు చేసినప్పుడు రెండు మాటలూ నడుస్తాయి. అయినా ‘కలెక్ట్’ అంటే రావలసినదాన్ని అందుకోవడం, ‘రెయిజ్’ అంటే లేనిచోట పుట్టించడం. మనం కూడా ‘ఎక్కడా అప్పు పుట్టడం లేదు’ అంటాం కదా, ఆ పుట్టించడమే.

‘ఆస్క్’ కూడా అంతే. ప్రశ్న అడగడం వేరు, ప్రశ్న లేవనెత్తడం వేరు. అడిగినవాడు జవాబు కోసం చూస్తాడు, అడగాలంటే ముందు మనిషి ఉండాలి. లేవనెత్తడానికి మనిషే అక్కర్లేదు. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బు అంతగా ఎందుకు ఉందన్న దానికి ఇప్పటికీ తేలిన కారణం లేదు. అక్కడ సేకరించిన నీటి పరీక్షల ఫలితం ఒక కొత్త ప్రశ్నను ‘రెయిజ్’ చేయగలదు. కాగితం మీది అంకెలు దేన్నీ ‘ఆస్క్’ చేయలేవు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మరొకటుంది, దాన్ని ఆ సందేశం తలవనైనా లేదు. కోట ముట్టడికి ‘రెయిజ్’ వాడితే ముట్టడి ఎత్తివేయడం అని అర్థం, అంటే ముగించడం. బొబ్బిలి సంగతే తీసుకోండి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ సేనలు, విజయనగరం విజయరామరాజు సేనలు బొబ్బిలి కోట మీద పడ్డాయి. కోట కూలింది. ఒకవేళ వాళ్లు ఆ రోజు వెనుదిరిగి ఉంటే, ఇంగ్లీషు చరిత్రకారుడు ముట్టడిని ‘రెయిజ్’ చేశారని రాసేవాడు. ఈ పట్టిక బట్టీపట్టిన కుర్రాడు అక్కడ ‘ఇంక్రీజ్’ పెట్టుకుని, ముట్టడి ఇంకా ఉద్ధృతమైందని చదువుకుంటాడు. జరిగినదానికి సరిగ్గా వ్యతిరేకం! ఇక్కడ పనికొచ్చేది ‘లిఫ్ట్’ ఒక్కటే.

ఇక తెలుగు మాధ్యమం మీద వేసిన నింద. ఆ సందేశంలో నాకు ఎక్కువ కోపం తెప్పించినది ఇదే. ‘రైజ్’ తనంతట తాను లేవడం, పెరగడం. ‘రెయిజ్’ మరొకరు లేపడం, పెంచడం. ఈ తేడా మన భాషలో లేదా? పెరుగు–పెంచు, లేచు–లేపు, దిగు–దించు, మునుగు–ముంచు, ఎక్కు–ఎక్కించు. నాగావళి పక్కన పుట్టిన ఏ పిల్లవాడైనా ‘పొలం మునిగింది’, ‘ఏరు పొలాన్ని ముంచింది’ అని తడుముకోకుండా అంటాడు. ఇంగ్లీషులో ఈ ఏర్పాటు ఒకప్పుడు విస్తారంగా ఉండి, ఇప్పుడు రైజ్–రెయిజ్, లై–లే, సిట్–సెట్, ఫాల్–ఫెల్ (పడు–పడగొట్టు) లాంటి కొన్ని జంటల్లోనే మిగిలింది. మనకు ఈనాటికీ నిత్యం వాడుకలో ఉంది. తెలుగులో చదివినవాడికి ఇది అడ్డంకి కాదు, ఆసరా. నీటిమట్టం పెరిగింది అంటే ‘రైజ్’, గేట్లు ఎత్తారు అంటే ‘రెయిజ్’. సమస్య తలెత్తింది అంటే ‘అరైజ్’, సమస్యను లేవనెత్తారు అంటే మళ్లీ ‘రెయిజ్’. భూతకాలంలో మాత్రం జాగ్రత్త పడాలి: ‘రైజ్’ అయితే ‘రోజ్’, ‘రిజన్’ అవుతుంది, ‘రెయిజ్’ అయితే రెండుచోట్లా ‘రెయిజ్డ్’. జీతం పెంపును నామవాచకంగా చెప్పేటప్పుడు బ్రిటిష్‌వారు ‘రైజ్’ అంటారు, అమెరికన్లు ‘రెయిజ్’ అంటారు. అక్కడ రెండూ ఒప్పే.

పిల్లల పెంపకం మాటకొస్తే, అది పాతకాలపు పంతుళ్ల ఆంక్ష. మనుషుల పిల్లలకు ‘రియర్’, పంటకూ పశువుకూ ‘రెయిజ్’ అని ఒకప్పుడు కొందరు పట్టుబట్టారు. అమెరికాలో ఇప్పుడు పిల్లల విషయంలో ‘రెయిజ్’ మామూలు మాట, నిఘంటువులన్నీ ఒప్పుకున్నదే. బ్రిటన్‌లో ‘బ్రింగ్ అప్’ ఎక్కువగా వినిపిస్తుంది. నిజానికి ‘రియర్’, ‘రెయిజ్’ ఒకే మూలం నుంచి వచ్చిన తోబుట్టువులు. మొదటిది ఇంగ్లీషు సొంతం, రెండోది స్కాండినేవియా వాళ్ల పాత నార్స్ భాష నుంచి వచ్చి చేరింది. నిజమైన తప్పు ఆ పట్టికలోనే ఉంది: పిల్లలకు ‘గ్రో’ వాడటం. జీడి మొక్కను ‘గ్రో’ చేయవచ్చు, బిడ్డను చేయకూడదు.

జీడి మొక్క అన్నాను కాబట్టి ఒకటి చెబుతాను. మా దగ్గర చదువుకునే ఒక అమ్మాయి, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వాళ్ల తోటను కూల్చేశాక తండ్రి మళ్లీ మొక్కలు పెంచిన సంగతి వ్యాసంగా రాసింది. తొలి ప్రతిలో ‘రెయిజ్డ్’ అని రాసుకుంది. నారు నాటి, నీరు పోసి, చెట్టయ్యేదాకా కాచుకోవడానికి అంతకంటే తగిన మాట లేదు. తర్వాత ఈ సందేశం చూసి దాన్ని కొట్టేసి ‘ఎలివేటెడ్’ అని పైన రాసింది. ఆ కొట్టివేత కింద ఒప్పు మాట ఇంకా కనబడుతూనే ఉంది. ‘ఎలివేట్’ హోదాకు, పదవికి, వైద్యుల మాటల్లో రక్తపోటుకు వాడే పదం. న్యాయవాదిని హైకోర్టు న్యాయమూర్తిని చేస్తే ‘ఎలివేట్’ అంటారు. జీడి మొక్కకు అది అతకదు. బరువైన మాటకు మార్కులు పడవు, అతికిన మాటకు పడతాయి.

శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవర గిరిజనుల భాష నేర్చి నిఘంటువు కూర్చారు. ఆ భాషకు అప్పటికి పట్టికలు లేవు. మాట్లాడేవారి నోట ఏ మాట ఎక్కడ పడుతుందో విని రాసుకున్నారు. ఇంగ్లీషు క్రియ నేర్చుకునే దారీ అదే. పరీక్షలో పర్యాయపదం అడిగినా సాధారణంగా ఒక వాక్యం ఇచ్చి, అందులోని పదం కింద గీత పెడతారు. గీత ఉన్న పదాన్ని వదిలి, ముందు దాని తర్వాతి నామవాచకం చదవండి. ఆ సందేశం మీ గ్రూపులోకి మళ్లీ వస్తే, దాని కింద అప్పు గురించిన వాక్యం ఒకటి, బొబ్బిలి ముట్టడి గురించిన వాక్యం ఒకటి పెట్టి, ఆ ఆరింటిలో ఏది అతుకుతుందో చెప్పమని పంపినవారినే అడగండి.