స్పూన్‌ని తిట్టే ముందు దాని ముక్కు చూడండి

చేపల్ని రప్పించడానికి నీళ్లలో లాగే చెంచా ఆకారపు రేకు ఎరే స్పూన్, లైన్ కట్టే కొసే దాని ముక్కు. "ఈ స్పూన్ దండగ, ఒక్క చేప కూడా ముట్టలేదు" అని గోల పెట్టేవాళ్ల లైన్ చివర ఓసారి చూడండి. 20 పౌండ్ల బరువు ఆపే లావు మోనో (ఒంటి పోగు నైలాన్ దారం), దానికి ఇంత లావు స్వివెల్ (గుండ్రంగా తిరిగే లోహపు కడి), కింద బండ స్నాప్ (తెరిచి మూసే కొక్కెం). ఇంత ఇనుము ముక్కున వేలాడేస్తే 7 గ్రాముల స్పూన్ ఏం ఊగుతుంది పాపం?

స్పూన్‌కి ఊగడమే బతుకు. కొందరు లైన్‌ని నేరుగా రేకు కన్నానికే బిగించేస్తారు. సగం ఊపు అక్కడే చస్తుంది. పైగా కన్నం అంచు పదునుగా ఉంటే ముడి కోసుకుపోతుంది, చేపతోపాటు స్పూనూ పోతుంది. కన్నానికి చిన్న స్ప్లిట్ రింగ్ (తాళాల గుత్తికి ఉండేలాంటిది) ఉండాలి, మార్చుకోవడానికి వీలు కావాలంటే సన్నటి స్నాప్. అంతే.

మరి స్వివెల్ వద్దా? కావాలి, కానీ ముక్కు దగ్గర కాదు. లీడర్‌కి (అసలు లైన్‌కీ ఎరకీ మధ్య కట్టే ముక్క) పైన, స్పూన్‌కి ఓ అర మీటరు దూరంలో. వేగంగా లాగితే స్పూన్ ఊగడం మాని గిరగిరా తిరుగుతుంది, ఆ పురి అంతా లైన్‌కి ఎక్కుతుంది. మంచి బాల్ బేరింగ్ స్వివెల్ ఆ పురిని చాలావరకు ఆపుతుంది. చవక రకాలు లాగుడు పడగానే మొరాయిస్తాయి. ఎంత మంచిదైనా, స్పూన్ గిరగిరా తిరుగుతోందంటే లాగుడు తగ్గించాల్సిందే.

లైన్ సంగతికొస్తే నా ఓటు సన్నటి బ్రెయిడ్‌కే (పోగులు అల్లిన దారం). దాదాపు సాగదు కాబట్టి స్పూన్ ప్రతి కుదుపూ చేతికి తెలుస్తుంది. ఊపు ఆగిందంటే గడ్డి తగులుకుందనో, చేప వెంటపడిందనో అర్థం. మోనో సాగుతుంది. ఆ సాగుడే ఒక్కోసారి మేలు, చేప విదిలించినా గాలం ఊడదు. బ్రెయిడ్ వాడితే ఆ పని డ్రాగ్ (లైన్ జారడాన్ని అదుపు చేసే రీల్ బ్రేకు) చెయ్యాలి, అందుకే దాన్ని కాస్త వదులుగా పెట్టండి.

ఫ్లోరోకార్బన్ (ఒక రకం ప్లాస్టిక్ దారం) లీడర్ "నీళ్లలో మాయమైపోతుంది" అనే ప్రచారం మాత్రం నాకు ఒళ్లుమంట. నీటి వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.33, దీనిది 1.42; రెండూ ఒకటైతేనే కదా మాయం. నైలాన్ కంటే తక్కువ కనిపిస్తుందేమో గానీ, మాయం కాదు. నేను కట్టేది రాళ్ల రాపిడికి తట్టుకుంటుందని. ముడి బిగించేముందు ఉమ్ముతో తడపండి, పొడిగా లాగితే వేడికి లైన్ బలం పోతుంది. పైక్, బర్రాకుడా లాంటి పళ్ల చేపలున్న చోట ఇదీ చాలదు, వైర్ లీడరే.

ఇప్పటికే లైన్ మెలికలు పడుతోందా? స్పూన్, స్వివెల్ అన్నీ విప్పేసి, పారే నీళ్లలోకి ఉత్త లైన్ పొడుగ్గా వదిలి, కాసేపాగి వేళ్ల మధ్య బిగువుగా పట్టి చుట్టుకోండి.