మా డాబా మీద రెండో దశ

విజయనగరంలోని మా డాబా మీద నిరుడు జ్యేష్ఠంలో వాన నీటి కోసం రెండో ట్యాంకు వెలసిన సంగతిని పాఠకులకు విన్నవించుకోవడం నా విధి అని భావిస్తున్నాను. మొదటి ట్యాంకు వెయ్యి లీటర్లది, నల్లనిది, గాలివానకు మూత ఎగిరిపోకుండా దాని నెత్తిన సగం ఇటుక ఒకటి పెట్టి ఉంటుంది. రెండోది కూడా వెయ్యి లీటర్లదే, నల్లనిదే, కాని దాని మీద పెట్టినది నిండు ఇటుక. రెండు దశల మధ్య మేము సాధించిన ప్రగతిలో వేలుపెట్టి చూపించగలిగినది ప్రస్తుతానికి ఆ అర ఇటుకే.

ఈ దశ ఎందుకు అవసరమైందో మనవి చేస్తాను. ముందటేడు వాన పడిన ప్రతిసారీ ట్యాంకు పొంగి, ఓవర్‌ఫ్లో గొట్టం లోంచి నీరు పొరుగువారి పెరట్లోకి ధారకట్టేది. మా డాబా వెయ్యి చదరపు అడుగులు, అంటే 93 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు కనుక, చెమ్మగా ఇంకినదీ చిందినదీ పోగా, సుమారు 14 మిల్లీమీటర్ల వానకే వెయ్యి లీటర్ల ట్యాంకు నిండిపోతుంది. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటి కురిసే జిల్లాలో ఒక్క ట్యాంకుతో సంసారం ఈదడం పరువు తక్కువని ఇంటిల్లిపాదీ తీర్మానించాము. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి మాత్రం, వాన రాకముందే ట్యాంకు నిండి ఉంటే వచ్చిన వాన ఎక్కడికి పోతుందని అడిగింది. ఆ ప్రశ్న సభా మర్యాదకు భంగకరమని భావించి పక్కన పెట్టాము.

ట్యాంకు ఎప్పుడూ నిండి ఉండడానికి కారణం, అందులోని నీటిని ఎవరూ ముట్టుకోకపోవడం. ఇది మా అమ్మ ప్రవేశపెట్టిన విధానం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి కరెంటు స్తంభాలను నేలకూల్చినప్పుడు, బోరులో నీళ్లుండి కూడా మోటారు తిరగక, బిందె పట్టుకుని వీధులు తిరిగిన అనుభవం ఆవిడది. అటువంటి రోజుల కోసం నీరు దాచాలన్నది న్యాయమైన మాటే. అయితే అక్టోబరు తుపానుకు దాచవలసిన నీటిని మేము జూన్‌లో పడిన తొలి వాన నుంచే దాచడం మొదలుపెడతాము. గేటు వాల్వు పిడిని ఊడదీసి, బీరువాలో ఇంటి దస్తావేజుల కింద పెట్టి తాళం వేస్తాము. ఈ నిషేధం నుంచి మినహాయింపు పొందినది కందిపప్పు ఒక్కటే. మా బోరు నీరు గీజరు లోపల సున్నం పేరబెట్టే రకం కనుక, కుక్కరు ఎన్ని కూతలు కూసినా అందులో పప్పు పలుకుగానే మిగులుతుంది, అదే పప్పు వాన నీటిలో మెత్తగా మేనత్త మనసులా ఉడికిపోతుంది. అందుచేత ప్రతి ఆదివారమూ అమ్మ దగ్గరుండి మూత తెరిపించి, ఒక చెంబెడు తీయించి, మళ్లీ ఇటుక పెట్టిస్తుంది.

ఇక సాంకేతిక విషయాలు. వంశధార నీటిని హిరమండలం నుంచి నాగావళి మీది నారాయణపురం ఆనకట్టకు చేర్చే అనుసంధానం గురించి వింటూ వస్తున్న ప్రాంతం వాడిని కనుక, రెండు ట్యాంకులను కలపడం నాకు నల్లేరు మీద బండి నడక అనుకున్నాను. అడుగున ఒక గొట్టంతో కలిపితే నీరు రెండింటిలోనూ ఒకే మట్టంలో నిలుస్తుందని, అందుకు దిమ్మెలు రెండూ ఒకే ఎత్తులో ఉండాలని ప్లంబరు ముందే చెప్పాడు. కాని నైరుతి మూల తక్కిన మూలలన్నింటి కంటే ఎత్తుగా ఉండాలని వాస్తు తెలిసినవారు సెలవిచ్చారు. నీటికి వాస్తు తెలియకపోయినా మాకు తెలుసు కనుక, నైరుతిలోని రెండో దిమ్మెను ఒక అడుగు పెంచాము. పర్యవసానంగా, కింది ట్యాంకు అంచు దాకా నిండి పొర్లిపోతున్న వేళ కూడా పై ట్యాంకులో చివరి అడుగు మేర గాలి తప్ప మరేమీ చేరదు. నాలుగడుగుల ట్యాంకులో అది పావు వంతు. ఆ విధంగా 250 లీటర్ల గాలిని మేము నైరుతిలో భద్రపరిచాము.

“నీరు దాని మట్టం అదే సూసుకుంటాది బావూ, మన మాట ఇనదు,” అని ప్లంబరు పానా కింద పెట్టి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

కలుపు గొట్టం విషయంలో కూడా పొదుపు పాటించాము. వంటింటి పనిలో మిగిలిపోయిన అర అంగుళం గొట్టం ముక్క ఇంట్లో ఉండగా కొత్తది కొనడం దుబారా కదా. డాబా నీరు దిగేది నాలుగంగుళాల గొట్టంలో. అర అంగుళం గొట్టం నోరు దాని నోటిలో 64వ వంతు. కుంభవృష్టి కురిసినప్పుడు మొదటి ట్యాంకు పొంగి గోడల వెంట కారిపోతూ ఉంటే, రెండోది జబ్బు మనిషి గంజి తాగినట్టు గుటక గుటకగా పుచ్చుకుంటూ ఉంటుంది. తొలకరిలో మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల నీటిని బయటికి వదిలివేయాలని కూడా అంటారు, కాని మా డాబా లెక్కలో అది దాదాపు 200 లీటర్ల దాకా తేలడంతో మనసొప్పలేదు. వేపాకులు, కాకి రెట్టలు, వేసవి దుమ్ము, అన్నింటినీ సమభావంతో లోపలికి ఆహ్వానించాము.

వంశధార జలాల మీద 2010లో ఏర్పాటైన ట్రిబ్యునల్ తుది తీర్పు చెప్పడానికి 2017 దాకా పట్టింది. పొరుగింటి పిన్నిగారితో మా జల వివాదం ప్రహరీ గోడ దగ్గర పావుగంటలో తేలిపోయింది. మా నీరు తమ పెరట్లో పడుతున్నందుకు క్షమాపణ చెప్పుకుందామని నేను వెళితే, రెండో ట్యాంకు వచ్చాక ఆ ధార ఎక్కడ ఆగిపోతుందోనని ఆవిడ బెంగపెట్టుకుని ఉన్నారు. గొట్టం కింద 200 లీటర్ల నీలం డ్రమ్ము ఒకటి పెట్టుకున్నారు. వాన పడితే అది నిండుతుంది, మర్నాటికల్లా అంట్లకు, బట్టలకు, సన్నజాజి పందిరికి ఖర్చయిపోయి, బోర్లించి కూడా ఉంటుంది. మా అమ్మాయి ఈ వ్యవహారాన్ని నోటు పుస్తకం వెనక అట్ట మీద గీతలు గీసి లెక్క పెట్టింది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాటికి డ్రమ్ము 40 సార్లు నిండి ఖాళీ అయింది, అంటే 8,000 లీటర్లు. మా రెండు ట్యాంకులు ఒక్కసారి నిండి, 1,750 లీటర్లతో, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు కదలకుండా కూర్చున్నాయి. పిల్లలు ఈ వయసులో లెక్కలలో మరీ అంత శ్రద్ధ చూపడం మంచిది కాదని ఆమెను మందలించాము.

తుపాను ఏదీ నిరుడు మా పట్టణం దాకా రాలేదు. ఈ చైత్రంలో మంచి రోజు చూసి, బీరువా తెరిచి, కొబ్బరికాయ కొట్టి, పిడి బిగించి వాల్వు తిప్పబోయాము. తొమ్మిది నెలలుగా కదలని వాల్వు బిగుసుకుపోయింది. ప్లంబరు వచ్చి విప్పేసరికి టీ డికాషన్ రంగు నీరు దిగింది, అందులో పురుగులు తోకలాడిస్తున్నాయి. వెచ్చని నీటిలో దోమ గుడ్డు దోమ కావడానికి పది రోజులు చాలు. ఓవర్‌ఫ్లో నోటికి జాలీ కట్టని మేము వాటికి తొమ్మిది నెలల గడువు ఇచ్చాము కనుక, అవి మా కంటే ముందే జలాశయాన్ని తమ జాతికి అంకితం చేసుకున్నాయి. రెండు ట్యాంకులనూ కడగడానికి నీటినంతా వదిలివేయవలసి వచ్చింది. అది ఎటు పోయిందో వేరే చెప్పనక్కరలేదు, సన్నజాజి ఈ ఏడు విరగబూసింది.

పిన్నిగారు మొన్న రెండో డ్రమ్ము కొన్నారు. మూడో ట్యాంకు ఎప్పుడు పెట్టిస్తున్నావు నాయనా అని నిన్న గోడ మీంచి ఆప్యాయంగా అడిగారు. ఆషాఢం దాటాక ముహూర్తం చూస్తున్నామని చెప్పాను.