సవరణ: ప్రకాశం ప్రభుత్వాన్ని పడగొట్టింది కేంద్రం కాదు, అసెంబ్లీ

1954లో కేంద్రం టంగుటూరి ప్రకాశం పంతులు గారి మంత్రివర్గాన్ని తొలగించి ఆంధ్ర రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన పెట్టిందని నిన్న రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. ఆనాటి శాసనసభ రికార్డులతో సరిచూసుకున్నాక వరుస ఇదీ.

మద్యనిషేధం ఎత్తేయాలని రామమూర్తి కమిటీ సిఫార్సు చేసింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. దానిమీదే అవిశ్వాస తీర్మానం వచ్చింది. నవంబరు 6న కర్నూలులో అది నెగ్గింది, ఒక్క ఓటు తేడాతో. తీర్మానం వైపు ఒక్కరు ఓటెయ్యకుండా కూర్చున్నా ఓట్లు సమానమయ్యేవి. అప్పుడు రాజ్యాంగం 189వ అధికరణం ప్రకారం స్పీకరు నిర్ణాయక ఓటు వేయాల్సి వచ్చేది. అంత సన్నని అంచు మీద కూలిన ప్రభుత్వాన్ని ఢిల్లీ ఖాతాలో వేయడం సభకు అన్యాయం.

రాష్ట్రపతి పాలన ఆ తర్వాత, నవంబరు 15న వచ్చింది. 1955 ఎన్నికలయ్యాక మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

మరొకటి. సంజీవరెడ్డి గారిని ప్రకాశం గారి మంత్రివర్గంలో మామూలు మంత్రిగా చూపించాను. ఆయన ఉప ముఖ్యమంత్రి.