ఇంటిపేరు అడిగే ఊళ్లకు రమ్మంటున్నారు

మహానగరాల అద్దెలు మోయలేక చిన్న పట్టణాల వైపు చూస్తున్న కుటుంబాలను ప్రభుత్వాలు రమ్మని పిలుస్తున్నాయి. ఖమ్మం, కరీంనగర్, నిజామాబాద్, సిద్దిపేటల్లో ఐటీ టవర్లు కట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎవరైనా అద్దెకు కూర్చుని పనిచేసుకునే కో-వర్కింగ్ కేంద్రాల మాట వినిపిస్తోంది. తీరా ఆ కుటుంబం టులెట్ బోర్డు చూసి గేటు తడితే ముందుగా వినపడేది అద్దె సంగతి కాదు. ‘మీ ఇంటిపేరేంటి?’ అంటారు. దానితో తేలకపోతే ‘సొంతూరేది, అక్కడ ఎవరి తాలూకు?’ అని అడుగుతారు. అప్పటికీ అంతుపట్టకపోతే ‘మీరేమిట్లు?’ అని సూటిగానే అడిగేస్తారు. జవాబు నచ్చలేదా, ‘నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్లారండీ’ అనే మాట సిద్ధంగా ఉంటుంది. వారం తర్వాత కూడా బోర్డు అక్కడే వేలాడుతుంది.

రమ్మని పిలిచినవారికి ఈ సంగతి తెలియదా? తెలుసు. వారి అనుచరులు, కార్యకర్తల ఇళ్ల గేట్ల దగ్గరా ఇదే తంతు నడుస్తోంది. పెట్టుబడి కావాలి, జీతగాళ్ల ఖర్చుతో బజారు కళకళలాడాలి, ఆ జీతం తెచ్చే మనిషి మాత్రం ‘మనవాడై’ ఉండాలి. మేము తప్పుపడుతున్నది ఈ రెండు నాల్కల ధోరణినే.

దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును రాజ్యాంగం 19(1)(ఇ) అధికరణ ఇచ్చింది. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల దగ్గర కులమత వివక్షను 15(2) నిషేధించింది. ఆ జాబితాలో అద్దె ఇల్లు లేదు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటరానితనం పేరిట నివాసాన్ని అడ్డుకోవడాన్ని నేరమంది. బాధితులు దళితులైతే ఆ పనికి కారణం అంటరానితనమేనని కోర్టు భావించాలని కూడా అందులోని 12వ సెక్షన్ చెబుతోంది. మంచి నిబంధనే. అది అక్కరకు రావాలంటే ముందు స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోవాలి కదా! ‘ఇల్లు ఇవ్వనన్నాడు, ఇంకోటి చూసుకోండి’ అని పంపేస్తే కోర్టు దాకా వెళ్లేదెవరు? ముస్లిం కుటుంబానికి, కులాంతర వివాహం చేసుకున్న జంటకు, ఒంటరి మహిళకు ఆ చట్టం ఇచ్చే ఆసరా కూడా లేదు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించరాదని లెక్క కట్టింది. కులం, మతం అడిగి గేటు మూయరాదన్న ఒక్క వాక్యం రాయడానికి దానికి చేతులు రాలేదు.

ఇల్లు యజమాని సొత్తు, ఎవరికివ్వాలో ఆయన ఇష్టమనే వాదన ఉంది. హోటల్ కూడా యజమాని సొత్తే, అక్కడ ఆ ఇష్టం చెల్లదని 1950లోనే తేల్చాం. పైగా ఇది ఒక్క ఇంటితో ఆగదు. ఒకే వర్గానికి సభ్యత్వం పరిమితం చేసుకున్న గృహ సహకార సంఘం నిబంధనను 2005లో సుప్రీంకోర్టు పార్సీల కేసులో సమర్థించింది. ఆ వాదనను కాలనీ సంఘాలన్నీ అరువు తెచ్చుకుంటే పట్టణం పట్టణమే వాడలుగా చీలుతుంది.

చిన్న పట్టణంలో బాధ రెట్టింపు కావడానికి కారణముంది. ఇంటి యజమాని, వార్డు నాయకుడు, ప్రైవేటు బడి కరస్పాండెంట్, చిట్టీల నిర్వాహకుడు ఒకే కుటుంబమో, ఒకరికొకరు బంధువులో అవుతారు. ఫ్లెక్సీ చందా దగ్గర మాట తేడా వస్తే పిల్లల ఫీజు గడువు దాకా అన్నీ బిగుస్తాయి. మొర వినే వేదికలూ తక్కువే. 3 లక్షల జనాభా దాటిన చోటే వార్డు కమిటీలను రాజ్యాంగం తప్పనిసరి చేసింది. అయిదేళ్ల పదవీకాలం ముగిసేలోగా ఎన్నికలు జరపాలని 243యు అధికరణ చెబుతున్నా, తెలంగాణలో 2025 జనవరిలో గడువు తీరిన పురపాలికలను ప్రత్యేకాధికారులకు అప్పగించారు. కౌన్సిలరే లేని ఆ రోజుల్లో కొత్తగా వచ్చిన కిరాయిదారు ఎవరి గడప తొక్కాల్సింది?

అందుకే సామాను సర్దే ముందు అద్దె, నెట్ వేగం చూసుకుని సరిపెట్టుకోవద్దని పాఠకులకు చెబుతున్నాం. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఫారం 20 తెరిస్తే పోలింగ్ కేంద్రాలవారీ ఓట్లు ఉంటాయి. పక్కపక్క బూత్‌లలో ఓట్లు గంపగుత్తగా చెరోవైపు పడ్డాయంటే వీధులు వర్గాలవారీగా విడిపోయాయేమోనని అనుమానించాలి. రెండు మూడు నెలల జిల్లా పేజీలు తిరగేయండి. పోలీసు చట్టం సెక్షన్ 30ని నెలనెలా పొడిగిస్తున్నారంటే అక్కడ ఊరేగింపులకు, సభలకు ముందస్తు అనుమతి తప్పదు, ఎందుకలా అని ఆరా తీయాలి. మామూలు రోజు ఒకసారి, వినాయక నిమజ్జనం నాడు మరోసారి వెళ్లి చూడండి. డీజే బండి ఏ ప్రార్థనాస్థలం ముందు ఆగుతుందో, పోలీసులు ఎవరిని పక్కకు నెడుతున్నారో గమనిస్తే ఊరి సంగతి సగం తెలుస్తుంది. చీకటి పడ్డాక బస్టాండు నుంచి ఆడవాళ్లు ఒంటరిగా నడిచి వస్తున్నారా అన్నదీ చూడాలి.

ఒప్పందం ఎక్కువగా 11 నెలలకే రాస్తారు. ఖాళీ చేయించాలంటే రెండు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలన్న షరతు అందులో పెట్టించండి. లేకుంటే ‘మా తమ్ముడు వస్తున్నాడు’ అన్న ఒక్క మాటతో రోడ్డున పడతారు. చేరిన వెంటనే ఫారం 8 ఇచ్చి ఓటును కొత్త చిరునామాకు మార్చుకోండి. ఓటు లేని ఇంటి ముందు మురుగు కాలువను ఎవరూ పట్టించుకోరు.

ఇంత పరిశోధన చేస్తే గానీ సొంత రాష్ట్రంలో ఓ ఇల్లు దొరకని స్థితికి సిగ్గుపడాల్సింది కిరాయిదారు కాదు. సామాజిక బహిష్కరణపై మహారాష్ట్ర 2016లో చట్టం చేసింది. గ్రామాభివృద్ధి కమిటీలు కుటుంబాలను వెలివేయడం గురించి ఏటా వింటున్న తెలంగాణ ఆ పని చేయలేదు. అద్దె చట్టంలో ఒక సెక్షన్, ఫిర్యాదుపై విచారణకు ఒక గడువు, తప్పు చేసిన యజమానికి, దళారికి జరిమానా. అడుగుతున్నది ఇంతే. ఇది కూడా చేయలేని మంత్రులు వచ్చే ఐటీ టవర్ రిబ్బను కత్తిరించే ముందు, అదే ఊళ్లో తమ అనుచరుల ఇళ్లకు వేలాడే టులెట్ బోర్డుల వెనక ఏ ప్రశ్నలు వేస్తున్నారో కనుక్కుని రావాలి.